చెరువులోని దొంగ



ఒకయేడు మా యూరి చెరువులో బొచ్చె, శీలావతి పిల్లలను వదలితిమి. నెల తిరిగి వల లాగించి చూడగా పిడికెడైనను లేవు. జాలరులే దోచిరని యూరు నిందించెను. ముందుగా ఆ మాట యన్నవాడను నేనే. వృద్ధజాలరి యొకడు బదులాడక, తుంగచాటున వలవైచి మూరెడు కొరమీనును బట్టి, దాని కడుపు చీల్చి చూపెను. అందు మా చేపపిల్లలుండెను. నేను సిగ్గుపడి యతని క్షమాపణ వేడితిని.

కొరమీను గాలిని గూడ పీల్చును. నీరు తగ్గినను తడిబురదలో దాగి బ్రదుకును. వాలుగయు నట్టి మాంసాహారియే. వానిపై కోపమేల? చిన్నపిల్లలతో వానిని గలిపియుంచుట మన తప్పు. కావున వేసవిలో చెరువు నెండగట్టుడు. నీరు పూర్తిగా తీయ వీలుకాని కుంటలో, మీటరు లోతు నీటికి ఎకరమునకు 1000 కిలోల ఇప్పచెక్క చల్లి, చచ్చిన చేపలను దీసివేసి, 3 వారములు గడచిన పిమ్మట పిల్లలను వదలుడు. ఆ చెక్కయే పిదప ఎరువగును. వదలెడి పిల్లలు 4 అంగుళములకు తక్కువ కారాదు. కొరమీనుకు అంగడిలో మంచివెల గలదు. దానిని వేరుకుంటలో పెంచుడు.

వలవైచి చూడకమునుపే మనుష్యుని దొంగ యనకుడు.