ప్రేయస్సు – శ్రేయస్సు



మనుష్యునకు శ్రేయస్సు, ప్రేయస్సు అను రెండును ఎదురగునని కఠోపనిషత్తు బోధించుచున్నది. సంపదలను, దీర్ఘాయువును ఇచ్చెదనని యముడు పలికినను నచికేతుడు వానిని కాదని, మృత్యువును గూర్చిన సత్యమునే కోరెను. ఆ కథ విని తలయూచువారు పెక్కురు. ఆ బాట త్రొక్కువారు కొందరే.

ఇందులకు శబరిమల మకరవిళక్కు తార్కాణము. తెలుగునాట 41 దినములు దీక్ష వహించి, ఇరుముడి దాల్చి శబరిమలకు పోవువారు లెక్కకు మిక్కిలి. మకర సంక్రాంతి నాటి సాయంకాలమున పొన్నంబలమేడు కొండపై ముమ్మారు వెలుగు దీపమును భక్తులు శరణుఘోషతో దర్శింతురు. అది మానవహస్తము సోకని దివ్యజ్యోతి యని చిరకాలము ప్రచారము సాగెను. 1999 జనవరి 14న పంప వద్ద జరిగిన దుర్ఘటనలో ఏబదిమందికి పైగా యాత్రికులు మరణించిరి. 2008లో ఆలయ తంత్రియే మకరజ్యోతి యనగా ఆకాశమందలి నక్షత్రమనియు, కొండపై దీపము మనుష్యులు వెలిగించునదే యనియు స్పష్టపరచిరి. ఆ మాట చాలమంది చెవికెక్కలేదు. 2011 జనవరి 14న దీపమును చూచి మరలుచుండగా పుల్మేడు వద్ద త్రొక్కిసలాట జరిగి నూరుమందికి పైగా అసువులు బాసిరి. మృతులలో తెలుగువారును కలరు. అటుపిమ్మట హైకోర్టు ప్రశ్నింపగా, దీపము మనుష్యులు వెలిగించునదేనని దేవస్వం బోర్డు అంగీకరించెను.

చీకటియు, ఇరుకుబాటయు, ఏర్పాట్ల కొరతయు ఆ మరణములకు కారణములే. కాని ఆ క్షణమునకు ఆ చోట ఉండితీరవలెనను ఆతురతకు ఆ నమ్మికయు కొంత దోహదము చేయలేదా? దోషము చెప్పినవారిది మాత్రమే కాదు. ప్రశ్నించుటయే అపచారమని తలచి ఊరకున్నవారికిని అందు పాలు కలదు.

ఇంతకును ఆ అసత్యము అవసరమా? ప్రతి గుడిలోను హారతిని అర్చకుడే వెలిగించును. కర్పూరము అంగడిలో కొన్నదే. అది ఎరిగియే భక్తుడు దానిని కన్నుల కద్దుకొనును. సత్యము వెల్లడియైన పిదపను శబరిమల యాత్ర ఆగలేదు. భక్తికి అసత్యపు ఊతకోల అక్కరలేదని ఇందువలన తేలుచున్నది.

గ్రంథాలయమునకు వచ్చువారు తమ్ము ఊరడించు పుస్తకముతోపాటు తమ్ము కాదను పుస్తకమును కూడ చదువవలెను. బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు దేవునికి మ్రొక్కుకొనుట తప్పు కాదు. మ్రొక్కినవారికి మందుతో పనిలేదని చెప్పువాని మాట చెవికి ఎంత ఇంపుగా నున్నను, దానిని నమ్మిన యింట ఆ నమ్మికకు వెల చెల్లించువాడు ఆ పసివాడే.