వధ లేని మాంసము



నిన్నటి ప్రసంగానంతరము పశువైద్యము చదువుచున్న యువకుడొకడు నన్ను సమీపించి, "స్వామీ, ప్రాణి చావకుండ మాంసము లభించినచో, మాంసము మానినవాడు దానిని తినవచ్చునా?" అని అడిగినాడు. వాని ఇంట గంగమ్మ జాతరకు ఏటేట వేట తెగును. తాను చేతులార మేపిన పొట్టేలు తెగిన నాటినుండి వాడు మాంసము ముట్టలేదట. పండుగపూట కొడుకు వేరుగా కూర్చుండుట తల్లికి మనస్తాపము. కనుక ఇది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు.

బ్రతికియున్న ప్రాణినుండి గోరంత కండను తీసి, అందలి జీవకణములను ఉక్కుతొట్లలో, చక్కెరయు లవణములును గల వెచ్చని పోషకద్రవమున పెంచెదరు. ఒక కణము రెండగును, రెండు నాలుగగును. కొన్ని వారములకు కండ సిద్ధమగును. 2013లో మార్క్ పోస్ట్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి మాంసపు ముద్దను లండనులో వండించి చూపినాడు. ఆ ఒక్క ముద్దకైన వ్యయము సుమారు 2 కోట్ల రూపాయలు! 2020లో సింగపూరు, 2023లో అమెరికా దీని విక్రయమునకు అనుమతించినవి. అమెరికాలో అనుమతి పొందిన సంస్థలలో ఒకదానిని స్థాపించినవాడు మన విజయవాడలో పెరిగిన హృద్రోగ వైద్యుడు ఉమా వాలేటి. బాల్యమున ఒక పుట్టినరోజు విందుకు పోగా ముంగిట ఉత్సవము, పెరటిలో వధ కనబడినవట. ఆ దృశ్యమే ఆయనను వెంటాడినది. మన హైదరాబాదులోను సీసీఎంబీకి, మాంస పరిశోధన కేంద్రమునకు 2019లో కేంద్ర ప్రభుత్వము ఈ పరిశోధనకై నిధులిచ్చినది. దానిని అహింసా మాంసమని పిలిచినారు.

పేరు మంచిదే. కాని తొట్టిలోని ద్రవమేది? తొలినాళ్లలో కణములు పెరుగుటకు, చూలుతో వధింపబడిన ఆవు గర్భమందలి దూడ నెత్తుటినుండి తీసిన సీరమును వాడిరి. వినుటకే ఒడలు జలదరించుచున్నది గదా! పశుమూలము లేని ద్రవమును సాధించితిమని తరువాత కొన్ని సంస్థలు ప్రకటించినవి. తొట్లను రేయింబవళ్లు వెచ్చగా నుంచుటకు విద్యుత్తు వలయును. అది బొగ్గునుండి వచ్చినచో భూమికి కలుగు మేలు తగ్గును. ధర నేటికిని సామాన్యునకు అందదు.

మరియొక మాట. వాన తప్పి వేరుశెనగ ఎండిన ఏట మన మెట్ట రైతును ఆదుకొనునవి నాలుగు జీవాలే. ఇటలీ 2023లో ఈ మాంసమును నిషేధించినది తన రైతులను తలచియే. మన కాపరి గతి ఎవరు తలచెదరు?

మహాభారతమున ధర్మవ్యాధుడు మిథిలలో మాంసము విక్రయించెను. తాను చంపలేదు, తినలేదు. అయినను తన వృత్తి ఘోరమైనదని కౌశికునితో దాచక ఒప్పుకొనెను. ఆ నిజాయితీ నాకు నచ్చును. ఆ యువకునితో నేనిట్లంటిని: "నాయనా, ద్రవమున నెత్తురు లేదని తేలినచో, చంపరాదను నీ నియమమునకు భంగము లేదు. రుచిని జయింపగోరి మానితివా, అది వేరు లెక్క. నీవు ఎందుకు మానితివో ముందు అమ్మతో చెప్పితివా?"

వాడు తల వంచుకొనినాడు. జాతరకు ఇంటికి పోయినప్పుడు చెప్పెదనన్నాడు.