పాచితీగ పక్షాన
(స్మారకోపన్యాసం)



మా గురువుగారి పేరిట ఏర్పాటైన ఈ ఉపన్యాసానికి నన్ను పిలవడం నాకు గౌరవం. ఆయన పొడుం డబ్బా, భూతద్దం ఒకే జేబులో వేసుకునేవారు. ఆ భూతద్దం అడిగి పుచ్చుకున్న విద్యార్థికి ముందు తుమ్ము వచ్చేది, తరవాతే కేసరాలు కనిపించేవి. ఆయన పాండిత్యం గురించి మీకు నేను చెప్పేదేముంది?

పూర్తి పరాన్నజీవులు, అర్ధ పరాన్నజీవులు, ఆతిథేయి మొక్కలోకి చొచ్చుకుపోయే హాస్టోరియాల నిర్మాణం మీరంతా చదివినవే. వాటిని వదిలేస్తాను. నా తగవంతా ఒక్క తీగ గురించి. పాచితీగ, అంటే కాసితా ఫిలిఫార్మిస్, ఇసుక దిబ్బలను చంపేస్తుందని, కనబడగానే పీకి తగలబెట్టాలని ఏళ్ల తరబడి వింటున్నాను. ఏళ్ల తరబడి కాదంటున్నాను.

మొదటి చిక్కు, దీన్ని కస్కుటా అనే మరో పరాన్నజీవి తీగతో కలిపేయడం. కస్కుటా తూటి కుటుంబానిది. పాచితీగ దాల్చినచెక్కకు చుట్టం, లారేసీ కుటుంబం. పువ్వు విప్పి చూడండి, పరాగకోశాలు కవాటాలతో తెరుచుకుంటాయి. కాండంలో పత్రహరితం ఉంటుంది. కస్కుటా మీద జరిగిన ప్రయోగాలను తెచ్చి దీనికి అంటగట్టడం కుదరదు.

రెండోది, ఇసుకను పట్టి ఉంచే బాలబంద తీగను, రావణాసురుడి మీసాలను ఇది నీరసింపజేస్తే ఇసుక లేస్తుందనే వాదం. అందులో నిజం లేకపోలేదు. అయితే ఏ మొక్కకు ఎంత నష్టమో ఎవరు కొలిచారు? పరాన్నజీవి అన్ని మొక్కలనూ ఒకేలా పట్టదు. గిబ్సన్, వాట్కిన్సన్ 1989లో ప్రచురించిన పనిలో ఇసుక దిబ్బల్లో రైనాంథస్ మైనర్ అనే అర్ధ పరాన్నజీవి ఆతిథేయులను పరిశీలించారు. గడ్డి, చిక్కుడు కుటుంబాల మొక్కల వేళ్లనే అది ఎక్కువగా పట్టింది. కాలిఫోర్నియా ఉప్పు చిత్తడిలో కస్కుటా సాలైనా, పెత్తనం చేసే సాలికార్నియాను అణచి తక్కిన మొక్కలకు చోటిచ్చిందని పెన్నింగ్స్, కాలవే 1996లో చూపారు. "అదీ కస్కుటాయే కదా?" అని అడ్డుతగులుతారు. సరే, కాసితాకే వద్దాం. దక్షిణ ఆస్ట్రేలియాలో ప్రైడర్, వాట్లింగ్, ఫచెల్లి 2009లో ప్రచురించిన పని చూడండి. కాసితా ప్యూబెసెన్స్ బయటినుంచి వచ్చిన సైటిసస్ పొదను గట్టిగా దెబ్బతీసింది, స్థానిక పొదను అంతగా కాదు.

అక్కడి ఫలితం ఇక్కడ యథాతథంగా వర్తిస్తుందని అనను. కానీ ఏ మొక్కకు ఎంత నష్టమన్నదే అడగాల్సిన ప్రశ్న. మన దిబ్బల మీది సరుగుడు మనం తెచ్చి నాటిందే. సరుగుడుకు జరిగిన నష్టం తోట నష్టం. దాన్ని దిబ్బ నష్టం పద్దులో రాయడం శాస్త్రం కాదు.

పద్దు రాయడం సులువు కాదని ఒప్పుకుంటాను. ఒకే తీగ రెండు మూడు జాతులను పట్టుకుంటుంది, దారిలో తన కాండంలోకే హాస్టోరియాలు దింపుతుంది. అందుకే భీమిలి దగ్గర దిబ్బల మీద మా విద్యార్థులతో క్వాడ్రాట్లు (కొలత చతురస్రాలు) వేయించాను. కొన్నింటిలో తీగను తీసేశాం, కొన్నింటిలో ఉంచాం. మొక్కల సాంద్రతతో పాటు ఇసుక మట్టం కూడా కొలుస్తున్నాం. మరికొన్ని వానాకాలాలు గడిస్తే గాని ఫలితం చెప్పను.

అటవీ సిబ్బందికి, తీరంలోని కళాశాలల అధ్యాపకులకు ఒక్క విన్నపం. పాచితీగను పీకే ముందు అది ఏ మొక్కను పట్టుకుందో, ఆ మొక్క ఎంత ఎండిందో రాయండి. ఆ కాగితాలు నాకు పంపండి. పీకడం ఎప్పుడైనా పీకవచ్చు.