అంకెకు ముందు పదిహేను నెలలు



ఈరోజు పట్టాలు అందుకుని మీరు వెళ్ళే ప్రతి సంఘమూ ఉజ్జీవం కోరుకుంటుంది. తెలుగు నేల మీద ఉజ్జీవం అనగానే మనవాళ్ళు చెప్పే అంకె 2,222. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలోని వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మ నదిలో, ఒక్కరోజే అంతమంది బాప్తిస్మం పొందారు. ఆ రోజుకు ముందు గడిచిన పదిహేను నెలలను మాత్రం మనం దాటేస్తాం. నేను వాటి గురించే మాట్లాడతాను.

అవి ధాత కరువు రోజులు. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకు పని చూపించాడు. పని ఆగినప్పుడు పార పక్కన పెట్టి కూర్చున్న కూలీలకు తెలుగు బోధకులు వాక్యం చెప్పేవారు. బాప్తిస్మం ఇవ్వమని జనం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. సాయం అందుతున్నంతకాలం ఒక్కరికీ ఇవ్వలేదు. కూటి కోసం చేరారన్న నింద ఆ పేదల మీద పడకూడదనుకున్నాడు. ఒప్పుకుని ఉంటే విదేశాలకు పంపే నివేదిక ఎంత ఘనంగా ఉండేది! కూలి ఆగిపోయాక కూడా వాళ్ళు వచ్చి అదే అడిగారు. అప్పుడు నదిలో దిగి బాప్తిస్మం ఇచ్చింది బోధకులే, ఇద్దరిద్దరు చొప్పున, వంతులవారీగా. నిరాకరించిన మిషనరీ కంటే, నిరాకరణ విని కూడా విశ్వాసం వదలని ఆ జనమే నాకు గొప్పగా కనిపిస్తారు.

వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. 1866లో బాప్తిస్మం పొందిన మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య నాటి నుంచీ వాళ్ళకు మూడు కట్టుబాట్లు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ ఊరి జాతరలో డప్పు కొట్టనన్న మాదిగకు మర్నాడు ఎవరు పని ఇస్తారు? లోకం ఒత్తిడి వాళ్ళ మీదకు పస్తు రూపంలో వచ్చింది. ఇంకోవైపు, మాదిగలను చేర్చుకుంటే మేం రామని ఒంగోలులో పెద్ద కులాలవాళ్ళు క్లౌకు చెప్పారు. పలుకుబడి ఉన్నవాళ్ళను పోగొట్టుకోవడానికి సిద్ధపడే ఆ సంఘం నిలబడింది.

మీ మీదకు ఒత్తిడి ఇంత మొరటుగా రాదు. యూట్యూబ్‌లో ఎంతమంది చూశారని అడుగుతారు. ఎన్నికల ముందు నాయకుడు వేదిక ఎక్కుతానంటాడు, గుడికి ప్రహరీ కట్టిస్తానంటాడు. వాక్యం కొంచెం మెత్తగా చెప్పమని పెద్ద కానుక ఇచ్చే కుటుంబం కోరుతుంది. వీటికి కాదని చెప్పడం ప్రార్థనతో, తోటివాళ్ళ తోడుతో అలవాటయ్యే పని, ఒంటరిగా ప్రయత్నించకండి.

అన్నిటికంటే కష్టమైనది కులం. ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుని, పెళ్ళి సంబంధం దగ్గర మాల, మాదిగ, రెడ్డి, కమ్మ అని విడిపోయే సంఘాల్లోకే మీలో చాలామంది వెళ్తున్నారు. మీలో పెళ్ళికానివాళ్ళు ఎక్కువమంది. మీ ఇళ్ళలో ఆ మాట వచ్చే రోజు దగ్గర్లోనే ఉంది. అమ్మానాన్నలు ఈ హాల్లోనే ఉన్నారు కాబట్టి వాళ్ళకూ చెబుతున్నాను: సంబంధం చూసేటప్పుడు కులం అడగకండి. పిల్లలు అడగవద్దంటే వాళ్ళ మాట వినండి.