పల్లెటూరి అపరాధ పరిశోధన
(మొవ్వలో పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



మొవ్వ యనగానే క్షేత్రయ్య పదములు, వేణుగోపాలస్వామి కోవెల తలపునకు వచ్చును. అట్టి ఊరిలో నిలిచి హత్యకథను గూర్చి మాటలాడుటేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుడు, కాని కథ వినుడు.

సాయంకాలములందు గ్రంథాలయమున కొందరము చేరి, ఒకరు చదువగా తక్కినవారము వినుట అలవాటు చేసికొంటిమి. ఈ మధ్య అగాథా క్రిస్టీ అను ఆంగ్ల రచయిత్రి 1930లో వెలువరించిన 'ది మర్డర్ ఎట్ ది వికరేజ్' అను నవలను, ఆంగ్లము వచ్చినవారొకరు తెలుగున చెప్పుచుండగా, ముగించితిమి. మిస్ మార్పుల్ అను వృద్ధురాలు పరిశోధకురాలుగా వచ్చు 12 నవలలలో ఇది మొదటిది. మన కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ పట్టణపు మనిషి. ఈమెకు ఆఫీసు లేదు, అసిస్టెంటు లేడు. సెయింట్ మేరీ మీడ్ అను చిన్న పల్లె, ఒక పెరటితోట, పిట్టలను చూచుకొను దుర్భిణి. ఇంతియే ఆమె సరంజామా.

ఆ ఊరి మేజిస్ట్రేటు కల్నల్ ప్రొథెరో ఎవరికిని గిట్టనివాడు. మతగురువుగారి చదువుగదిలో తుపాకిగుండు తగిలి చచ్చిపడియుండును. బల్లమీది గడియారము దొర్లిపడి 6 గంటల 22 నిమిషములకు ఆగిపోయి యుండును. ఇన్‌స్పెక్టర్ స్లాక్ వచ్చి దానిని చూచి, హత్య జరిగిన వేళ ఇదియే యని తేల్చివేయును. పనులకు ఆలస్యము కాకుండుటకై ఆ గడియారమును ఎల్లప్పుడు పావుగంట ముందుంచుట ఆ యింటి అలవాటు. ఆ సంగతి చెప్పబోయిన మతగురువును ఇన్‌స్పెక్టరు నోరెత్తనీయడు. అడిగినప్పుడు చెప్పిన చాలునట!

ఆ పుట వద్ద మా చదువు ఆగినది. ఎవరును ఎవరి ముఖమును చూడలేదు.

కొన్నేండ్ల క్రిందట, నారుమళ్ళకు వంతులమీద నీరు పెట్టు దినములలో, ఒక రాత్రి బోదెగట్టు తెగి మా నారుమళ్ళు మునిగెను. ముందటినాడే నీటి వంతు విషయమున పోట్లాడిన కౌలురైతు ఒకడుండెను. ఇంకేమి కావలెను? అతడే గండికొట్టెనని అరుగుమీద కూర్చుండి తీర్మానించితిమి. మొదట కాదనెను, పిదప పెద్దలతో పగ యెందుకని తలవంచి జరిమానా చెల్లించెను. ఒప్పుకొనుటయే ఋజువని తలంచితిమి. ఆ వేళకు పాలు పోసి పోవుచున్న ఒక ముసలమ్మ "నాయనా, నిన్న మాపటేళ ఆ గట్టు..." అని యేదో అనబోయెను. "నిన్నడిగినప్పుడు చెప్పుదువుగాని, పోవమ్మా" అని మాలో ఒకరనిరి. ఆమె పోయెను. నెల దాటిన పిమ్మట గట్టు మరల అక్కడనే కారుచుండగా తెలిసినది: ఎండ్రకాయల బొరియలనుండి నీరు ఊరుచుండుట ఆమె ఆనాటి సాయంకాలమే చూచినదట. జరిమానా తిరిగి యిచ్చితిమి. అప్పటికే అతడు కౌలు వదలుకొని యుండెను. ఇప్పటికిని మా అరుగు ఎక్కడు.

నవలలోను నేరము నాదేయని ఇద్దరు, ఒకరి తరువాత ఒకరు, ఒప్పుకొందురు. ఆ ఒప్పుకోలులు ఎంతవరకు నిలిచినవో చదివి తెలిసికొనుడు.

ఆ ఊరిలో చాడీలకును కొదువ లేదు. తేనీటి పళ్ళెములముందు చేరి పదిమంది పరువు తీయు స్త్రీలు పలువురు. (మగవారు మాత్రము తక్కువ తిన్నారా?) మిస్ మార్పుల్ కూడ అందరి సంగతులు చూచునదే. కాని సాక్ష్యమడిగినప్పుడు తాను ఎక్కడనుండి, ఏ వేళకు, ఎవరిని చూచినదో వేరుగా చెప్పును. తన ఊహను వేరుగా చెప్పును. ఆ స్త్రీ చేతిలో సంచి యైనను లేదని చెప్పునంతటి చూపు ఆమెది. అంతటి చూపును సైతము మోసపుచ్చ జూచువారుందురు సుమా. నేరవిచారణ పంచాయతీ పని కాదు. కాని గట్టు తగాదా, దారి తగాదా ముందుగా వచ్చునది మీ యొద్దకే.

నవల నడుమ పాత్రలు మితిమీరి కథ కొంత సాగిలబడినమాట నిజము. ఇద్దరు కునుకు తీసిరి. హంతకుల పేరు మేము చెప్పము. పుస్తకము గ్రంథాలయమున నున్నది. ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున మీరు వసూలు చేయు గ్రంథాలయ సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరినచో ఇట్టివి మరికొన్ని వచ్చును.

రెండవ నవల 1942 నాటిది. పేరు 'ది బాడీ ఇన్ ది లైబ్రరీ', అనగా గ్రంథాలయములో శవము. వచ్చు వారము దానిని మన గ్రంథాలయముననే మొదలుపెట్టుచున్నాము. పాలు పోయు ఆ ముసలమ్మగారిని కూడ పిలిచితిమి. పెందలకడ ఆరంభించినచో వచ్చెదనన్నది.