డప్పు దళముల క్రొత్త ఉడుపులు



నేడు నేను ముచ్చటింపదలచిన విషయము పైకి చిన్నదిగానే కనుపించును. మా పిడుగురాళ్ల చుట్టుపట్ల గ్రామములలో కొన్ని యేండ్లుగా డప్పు దళములు క్రొత్త ఉడుపులు ధరించి వచ్చుచున్నవి. పదిమందియో పండ్రెండుమందియో ఒక్కటే రంగు అంగీలు తొడిగి, నడుమునకు మెరుగుగుడ్డ చుట్టి, తలకు ఒకే తీరు పాగాలు కట్టి, కాళ్లకు తెల్లని బూట్లు వేసికొని, బారుగా నిలిచి వాయించుచున్నారు. కొందరు అంగీ వీపుమీద తమ దళము పేరును, ఫోను నంబరును గూడ అచ్చు వేయించుకొనుచున్నారు. పడుచువారు ఈ దృశ్యమును చూచి ఈలలు వేయుదురు, సెల్ఫోనులలో బొమ్మలు పట్టుకొందురు. పెద్దలు మాత్రము మొగము చిట్లించుకొని, రచ్చబండమీద కూర్చుండి, సంప్రదాయము మంటగలిసినదని వాపోవుదురు.

ఈ వాపోవుటను నేను తేలికగా త్రోసివేయువాడను కాను. ఏలయన, ఇట్లు వాపోవువారే డప్పును నిజముగా వినగలవారు. మైలు దూరమునుండి చప్పుడు చెవిని బడినంతనే అది పెండ్లి దెబ్బయో, జాతర దెబ్బయో, చావు దెబ్బయో, చాటింపు దెబ్బయో వారు చెప్పగలరు. సున్నపు బట్టీల పొగలోనుండి, మిరప కల్లములమీదుగా వచ్చిన ఆ మ్రోతను విని, ఏ వీధిలో ఎవరు పోయినారో ఊహింపగలిగిన ముసలివారిని నేనెరుగుదును. అట్టివారికి కంటికి నచ్చని దేదియో కనుపించినప్పుడు వారి మాట వినవలసినదే. కాని విన్నపిమ్మట ఒక ప్రశ్న యడుగవలెను. మీరు సంప్రదాయమనుచున్న ఆ పాత వేషమును నిర్ణయించిన వారెవరు?

డప్పును గూర్చి ముందు రెండు మాటలు. కొయ్యతో వలయము చేసి, దానిపై తోలు బిగించి, చింతగింజల జిగురుతో అతికింతురు. ఎడమ భుజమునకు వ్రేలాడదీసి, కుడిచేత లావు పుల్ల, ఎడమచేత సన్నని పుల్ల పట్టి వాయింతురు. వాయించుటకు ముందు గడ్డిమంటమీద కాచుట కద్దు. కాగిన తోలు బిగిసి కంచువలె పలుకును. అరగంట గడచినపిమ్మట మరల కాచవలెను. తోలు ఎప్పుడు చాలునన్నదో తెలిసికొనుట చేతివ్రేళ్ల విద్య, ఏ బడిలోను నేర్పునది కాదు. ఈ విద్యయంతయు తరతరములుగా మాదిగవాడలలోను మాలపల్లెలలోను నిలిచినది. ఊరివారు దానిని విని ఆనందించిరి గాని, నేర్చుకొనుటకు చేయి చాపలేదు.

ఇక పాత వేషము. గోచిపంచె, తలకు చుట్టిన తువాలు, కాళ్లకు గజ్జెలు, వట్టి ఒళ్లు. పెద్దలకు గుర్తున్న అందమిదియే. కొంతకాలము క్రిందట మా ప్రక్క గ్రామమున ఒక కొలుపులో జరిగిన సంభాషణను ఉన్నదున్నట్లు చెప్పెదను. రచ్చబండమీది పెద్దమనిషి యొకరు, నీలపు అంగీ తొడిగివచ్చిన దళనాయకుని పిలిచి, "ఏమిరా, ఈ సినిమా వేషమేంటి? మీ నాయన ఇట్టా వచ్చేవాడా?" యని అడిగెను. ఆ యువకుడు డప్పు దించకయే, "మా నాయన చొక్కా ఇంటికాడ ఇప్పిపెట్టి వచ్చేవాడు పెద్దయ్యా. ఏసుకొస్తే ఊరుకునేవాళ్లు కాదుగా" అని బదులు చెప్పెను. కోపముతో చెప్పలేదు, నవ్వుచునే చెప్పినాడు. పెద్దమనిషి మరి మాటాడలేదు. కొంతసేపటికి తానే లేచి దళమునకు మంచినీళ్ల బిందె తెప్పించెను.

ఆ మాటలోని సత్యము మన కందరకు తెలిసినదే. పైబట్ట యున్నవాడు దానిని నడుమునకు చుట్టుకొనవలెను, చెప్పులున్నవాడు వానిని చేతబట్టుకొనవలెను. ఊరి వీధిలో నడచుటకు కొన్ని కులములవారికి మన పూర్వులు పెట్టిన కట్టుబాటది. వట్టి ఒంటితో వాయించుట యెండకు సుఖమని కొందరందురు. ఎండ అందరిమీదను కాయును గదా, అంగీ విప్పవలసినవారు కొందరే యైనారు. 1927 డిసెంబరులో మహద్ పట్టణమున డాక్టరు అంబేడ్కరు సభ చేసినప్పుడు స్త్రీలనుద్దేశించి, కులమును పట్టియిచ్చు కట్టును, నగలను విడిచిపెట్టుడని బోధించెను. కట్టుబట్టలో ఎంత కథ యున్నదో ఆయనకు బాగుగా తెలియును.

ఈ కథ డప్పునకే పరిమితము కాదు. నాదస్వరము దేవాలయములో పుట్టి పెరిగిన మంగళవాద్యము. దానిని వాయించువారు గూడ ప్రభువుల యెదుట పైబట్ట నడుమునకు చుట్టుకొని, గంటలకొలది నిలుచుండి వాయింపవలసియుండెను. తమిళదేశమున తిరువావడుదురై రాజరత్నం పిళ్లై (1898–1956) ఆ కట్టుబాటును ధిక్కరించిన మొనగాడు. ఆయన క్రాపు పెంచెను, కోటు తొడిగెను, కూర్చుండియే వాయింతునని పట్టుబట్టెను. వేషము మారినందున తోడిరాగము చెడిపోయెనని ఎవరును అనలేకపోయిరి. 1947లో స్వాతంత్ర్యము వచ్చిన వేళ ఢిల్లీలో మ్రోగిన మంగళనాదము ఆయనదే.

మన ప్రాంతమునకు వత్తము. 2022లో పల్నాడు జిల్లా యేర్పడిన పిమ్మట చిలకలూరిపేటయు, మా పిడుగురాళ్లయు ఒకే జిల్లాలోనివి. ఆ చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబు గారి కడ నేర్చినవారు షేక్ చిన మౌలానా సాహెబు గారు. ఒంగోలు చెంత కరవదిలో 1924లో జన్మించిరి. చాలదని తంజావూరి బాణీకై నాచ్చియార్‌కోయిలు సోదరుల కడకు బోయి మరల శిష్యులైరి. తుదకు శ్రీరంగమున రంగనాథుని నీడన స్థిరపడిరి. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి వారిని వరించినవి. ఒక తెలుగు మహమ్మదీయుడు అరవ బాణీ నేర్చి వైష్ణవ క్షేత్రమున వాయించుచుండగా సంప్రదాయము చెడినదని వగచినవా రెవరు? దానిని నిలిపినవాడని గదా మన మాయనను కొనియాడుచున్నాము!

మరి, బ్యాండుమేళపు ఎర్రకోటు సంగతి యేమి? క్లారినెట్టు, ట్రంపెట్టు, పెద్ద డోలు పట్టుకొని, భుజములమీద జరీ కుచ్చులు వ్రేలాడ, పెండ్లికొడుకు ముందు నడచు ఆ మేళమును మన పెద్దలు ముచ్చటగా తలచుకొందురు. ఈనాడు ఆ మేళగాండ్రు కోటు విడిచి షేర్వాణీ వేసికొనిన, పాత ఎర్రకోటే బాగుండెననువారు కలరు. ఆ కోటు ఏనాటిది? 1645లో ఆంగ్ల పార్లమెంటు కూర్చిన నూతన సైన్యము ఎర్రకోటు తొడిగెను. మంజిష్ఠ జాతి వేరునుండి దిగిన ఎరుపు చౌక యగుట దానికొక కారణము. ఆ కోటే కుంపినీ పటాలములతో మన దేశమునకు వచ్చి, కంటోన్మెంటు బ్యాండునుండి పెండ్లిపందిటికి దిగినది. ఆ మేళములోని పెద్ద డోలు, తాళములు మాత్రము దొరలవియు కావు. తురుష్క సుల్తానుల జానిస్సరీ సైనికుల మేళమును విని ఐరోపావారు పదునెనిమిదవ శతాబ్దిలో తెచ్చుకొన్నవి. 1826లో సుల్తాను ఆ సైన్యమునే రద్దుచేసెను, డోలు మాత్రము ప్రపంచమంతయు తిరుగుచున్నది. తురకల డోలు, తెల్లవారి కోటు, తెలుగు పెండ్లి! మనము దానిని సంప్రదాయమని ముద్దుగా పిలుచుకొనుచున్నాము. పిలుచుకొనుటలో తప్పు లేదు. అయితే కోటు తొడిగిన బ్యాండువానికి లభించిన ఆ ముద్దు, అంగీ తొడిగిన డప్పువానికి ఏల లభింపకున్నదో ఆలోచింపవలసియున్నది.

అమెరికాలో గూడ డ్రమ్ము దళములు కలవు. పాత సైనిక మేళముల వేషములతో, పొడవుటోపీలతో కవాతు చేయుచు పోటీపడుట వారి ఆచారము. ఒహాయో రాష్ట్రమందలి కాంటను పట్టణపు దళమునకు అచటి పోలీసుల గౌరవార్థము 'బ్లూకోట్సు', అనగా నీలికోట్లవారని పేరు. ఆ నీలికోట్లవారే 2016లో సైనికపు కోటును, టోపీని విడిచి తేలిక బట్టలతో దిగి, మొట్టమొదటిసారి జాతీయ విజేతలైరి. ఏటేట కథకు దగిన వేషము వేయుట ఇటీవల అక్కడి దళములలో వ్యాపించినది. పాత అభిమానులు మన రచ్చబండవారివలెనే వాపోయిరి, కుఱ్ఱవారు చప్పట్లు కొట్టిరి. కాని అక్కడి వివాదము కంటికి సంబంధించినది. విప్పిన కోటుకు వెనుక ఒకరి అవమానము లేదు. మనకు ఆ తేలికదనము లేదు.

మనకు డప్పు గౌరవచిహ్నమైన కథయు దగ్గరిదే. 1994 జూలై 7వ తేదీన ప్రకాశం జిల్లా ఈదుముడి గ్రామమున మాదిగల హక్కులకై ఒక ఉద్యమము పుట్టినది. దానికి దండోరా యని పేరు వచ్చెను. ఊరి పెద్దల ఆజ్ఞలు చాటుటకు మ్రోగిన డప్పు, ఆనాటినుండి వాయించువారి మాటనే చాటసాగెను. పిమ్మట ప్రభుత్వము డప్పు కళాకారులకు పింఛను ఏర్పరచినది. ఆంధ్రప్రదేశమున 2024 జూలైలో అది నెలకు 4000 రూపాయలైనది. వాయించుట వెట్టి యనిపించుకొన్న దినములు పోయి, కళ యనిపించుకొన్న దినములు వచ్చినవి. కళాకారుడు తన వేషమును తానే కుట్టించుకొనును, వెట్టివానికే ఆ స్వేచ్ఛ లేనిది.

ఇంత చెప్పినంతమాత్రమున క్రొత్త ఉడుపులన్నియు నాకు నచ్చినవని కాదు. రెంటచింతల యెండను ఎరిగినవాడెవ్వడును మే నెలలో గాలి చొరని మెరుగుగుడ్డను మనిషికి తొడుగడు. పత్తి పండించు సీమలో నూలుగుడ్డ కరవైనదా? చంక బిగువుగా కుట్టిన అంగీలో చేయి ఆడదు, చేయి యాడనిదే దెబ్బ పడదు. బూట్ల విషయమున నాకు మరింత అభ్యంతరము కలదు. పాదము వేసినప్పుడు గజ్జె పలికి దరువును పూరించును. బూటుతో గజ్జె కట్టరు, కట్టినను మ్రోగదు. అనగా అక్కడ పోయినది వేషము కాదు, వాద్యములో సగము. పెద్దలు దీనిని అడిగిన బాగుండును.

అంతకంటె పెద్ద మార్పు వేరొకటి జరిగిపోయినది, దానిని రచ్చబండమీద ఎవరును ఎత్తుట నేను వినలేదు. తోలుడప్పుకు మారుగా ఫైబరు డప్పులు వచ్చినవి. కాచనక్కరలేదు, వానకు తడిసినను చెడదు, మోయుటకు తేలిక. తోలు తెచ్చి, నానవైచి, వెండ్రుకలు గీకు శ్రమయు, ఆ శ్రమకు అంటగట్టిన అంటును తప్పినవి గనుక వాయించువారికి అది మేలే. వద్దనుటకు మన మెవరము? కాని దాని పలుకు వేరు. ప్లాస్టిక్కు పొరపై దెబ్బ పదునుగా లేచి వెంటనే అణగిపోవును. తోలుమీద దెబ్బ లోపలికి దిగి, గుండెలో ఒక క్షణము నిలిచి పోవును. చెవిగల పెద్దలు ఇంత భేదమును విడిచి, అంగీ రంగును పట్టుకొనుట నాకు వింతగా నున్నది. తోలుడప్పు కావలెనన్నచో, తోలుడప్పు తెచ్చిన దళమునకు రెండు వందలు ఎక్కువ యిచ్చుట మన చేతిలోని పని.

వేషము నిజముగా నియమమైన చోటొకటి మన పల్నాటిలోనే కలదు. ఏటేట కార్తిక అమావాస్య మొదలు కారంపూడిలో అయిదు దినములు వీరుల ఉత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. అక్కడ వీరాచారవంతులు ఆయుధములు ధరించి వచ్చుట దీక్ష. దీక్షలోని బట్టను మార్చుటయు నిలుపుటయు దీక్ష పట్టినవారి పని, చూడవచ్చినవారిది కాదు. బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టి చాపకూడు పెట్టెనని, మాల కన్నమదాసును కుమారునివలె చేపట్టెనని మన వీరగాథ చెప్పును. ఆ గాథను తలచి రొమ్ము విరుచుకొను సీమలో, డప్పువాని రొమ్ము కప్పిన గుడ్డనుగూర్చి తగవు పెట్టుకొనుట ఏమి సొగసు?

రానున్న కార్తికమున కారంపూడికో, మీ యూరి కొలుపునకో పోయినప్పుడు దళము చెంతకు పోయి నిలువుడు. వారి ఉడుపులు ఎవరు కుట్టిరో, ఎంతయైనదో అడుగుడు. ఆ పిమ్మట డప్పు తోలుదో, ఫైబరుదో అడిగి, తోలుదైనచో గడ్డిమంట వేసి కాచువేళ ప్రక్కన కూర్చుండి చూడుడు.