మహేంద్రగిరి యాత్ర
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయులు చేసిన ఉపన్యాసము)



గడచిన పుష్యమాసమున మన తొమ్మిదవ తరగతి బాలురు 14 మందియు, ఉపాధ్యాయులము ముగ్గురమును సైకిళ్ళపైనను కాలినడకను మహేంద్రగిరికి పోయివచ్చిన సంగతి మీరెరుగుదురు. బయలుదేరుటకు ముందు మీలో పెక్కుమంది వచ్చి, "పిల్లలను అడవిలోనికి తీసికొనిపోనేల? అచ్చట ఎలుగుబంట్లు లేవా?" అని అడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. ఎలుగుబంట్లు ఉన్నవి. అందుచేతనే అటవీశాఖవారి అనుమతి పొంది, దారి తెలిసిన సవర పెద్దనొకరిని వెంటబెట్టుకొని, ప్రొద్దు గ్రుంకిన పిదప ఒక్క అడుగైనను వేయరాదని నియమము పెట్టుకొంటిమి. దోమతెరలు మరువలేదు.

మొదటిదినము పర్లాకిమిడి నుండి కొండపాదము వరకు సైకిళ్ళపై సాగితిమి. ఎగుడున దిగి నెట్టుకొనుచు, పల్లమున ఒకరికొకరు ఎడమిచ్చుచు పోతిమి. పల్లమున ముందుచక్రపు బ్రేకు గట్టిగా పట్టరాదని చెప్పియే యుంటిమి. ఒకడు పట్టనే పట్టెను, మోకాలు చీరుకొనెను. మధ్యాహ్నములోగా ఐదు ట్యూబులు పంక్చరయ్యెను. తరగతిలో ఎన్నడును నోరు విప్పని బాలుడొకడు, వాని తండ్రికి సైకిలు మరమ్మతు దుకాణము కలదు, బకెట్టు నీటిలో ట్యూబు ముంచి, బుడగలు చూచి, క్షణములో అతుకువేసెను. తక్కినవారందరును వాని చుట్టును శిష్యులవలె కూర్చుండిరి. వానికి లెక్కలలో వచ్చిన మార్కులను ఈ సభలో చెప్పము.

ఆ రాత్రి కొండక్రింది పల్లెలో నిదురించి, సైకిళ్ళనచ్చటనే విడిచి, తెల్లవారగనే నడక మొదలిడితిమి. ఇప్పుడు వాహనములు పోవు బాట కలదు గాని, మేము కాలిదారినే పట్టితిమి. వెదురుపొదలు, పనసచెట్లు, నడుమ నడుమ పోడుచేలు, కొండచీపురు. పైకి పోయినకొలది అడవి పలుచనై గడ్డిమైదానమును మంచును ఎదురయ్యెను. శిఖరము ఎత్తు 1,501 మీటరులు. ఈ కొండను 2022లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించిరి.

దారిలో జరిగిన ఒక ముచ్చట మీకు ప్రత్యేకముగా చెప్పవలెను. ఒక పల్లెకడ సవర వృద్ధుడొకడు మన పిల్లలను, "ఏ ఊరు బాబూ మీది?" అని తెలుగున అడిగెను. మనవాడు ఒడియాలో బదులు చెప్పెను. ఒడియా తప్పు కాదు, అది మనకు అన్నము పెట్టు భాష. కాని వృద్ధుడు నవ్వి, "నాను తెలుగు సంతలో నేర్సుకున్నాను. మీది ఇంటి తెలుగే గదా, దాస్తారేటి?" అనెను. పిల్లవాడు తల వంచుకొనెను. వెంట నున్న మేమును మాటాడలేకపోతిమి.

అచ్చటనే చెట్టునీడన కూర్చుండి పిల్లలకు గిడుగు రామమూర్తి పంతులుగారిని గూర్చి చెప్పితిమి. 1880లో మన పర్లాకిమిడికి ఉపాధ్యాయుడుగా వచ్చిన ఆయన ఈ కొండలలో తిరిగి సవరభాష నేర్చిరి. సవరపిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పు బడులు పెట్టిరి. అడవిలో పట్టిన చలిజ్వరమునకు తిన్న క్వినైనుచే ఆయనకు చెవుడు వచ్చెను. ఆయన వ్రాసిన సవర వ్యాకరణము 1931లో అచ్చయ్యెను. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరినపుడు ఆయన రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. మన పెద్దలు ఇచ్చటనే నిలిచిరి. (వాడుకభాషకై పోరాడిన ఆ మహనీయుడు మా ఈ గ్రాంథికము వినినచో ఏమనెడివారో!) కథ విన్న పిల్లలు నోటుపుస్తకము తీసి, వృద్ధుని అడిగి నలువది సవరమాటలు తెలుగులిపిలో వ్రాసికొనిరి. అడిగినది తెలుగుననే.

పైన కుంతి, ధర్మరాజు, భీముల పేర ఆలయములు కలవు. భీముని గుడి చిన్నదైనను దాని రాళ్ళు మిక్కిలి పెద్దవి. కుంతి గుడికడ చోళుల అరవ శాసనమును, పులి, చేపల గుర్తులును చూచితిమి. ఈ కొండపై పుట్టిన మహేంద్రతనయ ఆంధ్రదేశమున బారువకడ సముద్రమున కలియును. బారువలో స్నానము చేసినవారు మీలో ఎందరో కలరు; ఆ నీటి పుట్టుక మీ పిల్లలు చూచి వచ్చిరి.

ఫోనులు పైన పలుకలేదు. ఆ రాత్రి మీలో కొందరు నిదురపోలేదని పిమ్మట తెలిసినది. ఈసారి పోవునపుడు కొండక్రింది నుండి ఉదయ సాయంకాలములందు వార్త పంపు ఏర్పాటు చేయుదుము.

రాబోవు యాత్రకు ఎనిమిదిమంది బాలికలును పేర్లిచ్చిరి. ఇద్దరు ఉపాధ్యాయినులు వెంట వచ్చుటకు ఒప్పుకొనిరి. బాలికలకు సైకిళ్ళున్నవి, కాళ్ళకు బలమున్నది. ఇండ్లనుండి ఇంతవరకు మూడు సమ్మతిపత్రములే వచ్చినవి. తక్కిన ఐదింటికొరకు దీపావళి వరకు వేచియుందుము. సందేహములున్నవారు ఏ సాయంకాలమైనను బడికి రావచ్చును. ఎలుగుబంట్లను గూర్చి కూడ అడుగవచ్చును.